ఉప్పు పెట్టె మీది హెచ్చరిక

అత్తయ్య ఆసుపత్రి ఫారం తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసేసింది. తాళంచెవి ఎక్కడ పెట్టిందో చచ్చినా చెప్పనంది.

తాళాలు బాగుచేసే మనిషి ఇంట్లో తాళంచెవి దాచడం ఏం తెలివో ఆవిడకే తెలియాలి. మామయ్య ముప్పై ఏళ్లుగా వీధి మలుపులో తాళాల కొట్టు నడుపుతున్నాడు. ఎవరి తలుపు బిగుసుకుపోయినా ఆయన కోసమే పరిగెత్తుకొస్తారు. మా బీరువా ఆయనకు రెండు నిమిషాల పని. అయినా ఆ సాయంత్రం ఆరింటికి కొట్టు మూసి వచ్చి, పనిముట్ల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, బీరువా వైపు చూస్తూ కూర్చున్నాడే తప్ప సంచి విప్పలేదు.

"రేపు పదింటికల్లా ఆ కాగితం ఇవ్వాలమ్మా," అంది మా డ్రైవరమ్మ. "ఇవ్వకపోతే నా ఆపరేషన్ తారీఖు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ నాలుగు నెలలు ఆగాలి."

"ఆగు. నాలుగు నెలలు ఆగితే కొంపలేం మునిగిపోవు."

"మునిగేది నా కొంపే కదా, నీకెందుకు తెలుస్తుంది!"

"నోర్ముయ్! తల్లితో మాట్లాడే మాటేనా అది?"

డ్రైవరమ్మ మా ఆయన చెల్లెలు. మూడేళ్ల కిందటి వరకు ఈ ఇంట్లో అందరూ తమ్ముడనే అనుకున్నారు. తను చెల్లెలినని తనే చెప్పింది. ఆ రోజు జరిగిన రభస మళ్లీ ఎత్తుకోను. ఇరవై రెండో నంబరు బస్సు నడుపుతుంది కాబట్టి డ్రైవరమ్మ అని నేనే పిలవడం మొదలుపెట్టాను. అత్తయ్య ఒక పూట 'వీడు' అంటుంది, నాలుక కరుచుకుని 'ఇది' అంటుంది. మామయ్య ఆ చిక్కే పెట్టుకోలేదు. పాత పేరూ పలకడు, కొత్త పేరూ పలకడు. "ఇదిగో" అంటాడు. "ఇదిగో, తలుపు వెయ్యి." "ఇదిగో, భోజనానికి రా." 'అమ్మాయ్' అనే పిలుపు ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునే నాకు ఖాయమైపోయింది.

"మాత్ర పడకపోతే ఇంకో మాత్ర ఉంటుంది," అంది అత్తయ్య. "లోకంలో మాత్రలు గొడ్డుపోయాయా?"

"ఉందమ్మా. ఇంకో రకం ఉంది. దానికి కాలేయం మీద కన్నేసి ఉంచాలట. సూదిమందు కూడా ఉంది. ఒక నెల దొరికితే రెండు నెలలు దొరకదు."

"దొరికినప్పుడు పొడిపించుకో."

"ఎన్నాళ్లు?"

"బతికున్నన్నాళ్లూ! మీ నాన్న బీపీ మాత్ర వేసుకోవడం లేదూ?"

"ఒక పూట మాత్ర మానేస్తే నాన్న ఇంకో మనిషైపోడు కదమ్మా."

అత్తయ్య కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

పన్నెండు రోజుల కిందట డ్రైవరమ్మ డిపోలో పడిపోయింది. బస్సు ఆపి, ఆఖరి మెట్టు దిగుతూ కుప్పకూలిపోయింది. బస్సు నడుస్తుండగా కాకపోవడం మా అదృష్టం. రక్తంలో పొటాషియం ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువగా ఉంది, ఇంకాస్త పెరిగితే గుండె లయ తప్పేది అని డాక్టరమ్మ చెప్పింది. మగ హార్మోనును ఆపడానికి తను రెండేళ్లుగా వేసుకుంటున్న మాత్ర అక్కడికక్కడే మాన్పించింది. అప్పటినుంచి డిపోలో తనను టిక్కెట్ల గదిలో కూర్చోబెట్టారు.

తర్వాత డాక్టరమ్మ మందులన్నీ వివరించి, ఇంకో దారి కూడా ఉందంది. ఆ హార్మోను తయారయ్యే వృషణాలనే తీసేస్తే ఇక ఆపే మాత్రతో పనిలేదు. చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. శరీరాన్ని పూర్తిగా మార్చే పెద్ద ఆపరేషన్ కావాలో వద్దో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఆడ హార్మోను మాత్ర మాత్రం ఎటూ జీవితాంతం తప్పదు. ఇంటికొచ్చి తను ఇదంతా చెప్పిన దగ్గర్నుంచి మాకు నిద్రల్లేవు.

"తీసేశాక మళ్లీ వస్తాయా?" అంది అత్తయ్య గొంతు తగ్గించి.

"రావు."

"మరి పిల్లలు?"

"పుట్టరు. డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆలోచించే చెప్పాను."

"రేపు నీ మనసు మారితే? మాత్రంటే మానేస్తావు. దీన్నేం చేస్తావు? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట! ఎక్కడికి పోయి ఎవర్ని అడుగుతావు అప్పుడు?"

డ్రైవరమ్మ ఎడమచేతి బొటనవేలితో కుడిచేతి గోరు గిల్లుకుంటూ నిలబడింది. రద్దీలో బస్సు ఇరుక్కుంటే స్టీరింగు మీద చేసే పనే అది.

అప్పుడు మామయ్య నోరు విప్పాడు.

"ఇదిగో. మాత్ర పడదని డాక్టరు రాసిచ్చిందా?"

"ఫారంలోనే ఉంది నాన్నా. 'మందు సరిపడనందున' అని."

"అట్లాగే రాసిందా?"

"అట్లాగే."

మామయ్య తల ఆడించాడు. "సరే. గత్యంతరం లేనప్పుడు మనం మాత్రం చేసేదేముంది," అన్నాడు. "రేపు ఎవరైనా అడిగినా చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది. భోజనాలు కానివ్వండి. తర్వాత తీస్తాను."

అత్తయ్య విసురుగా పడగ్గదిలోకి వెళ్లిపోయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. డ్రైవరమ్మ మైనారిటీ తీరిన మనిషి, తన సంతకం చాలు. కాకపోతే ఆ ఫారంలో వెంట ఉండే మనిషి సంతకానికి ఒక గడి ఉంది. నేను పెడతానన్నాను. మా ఆయన పొరుగూరి డ్యూటీ నుంచి ఫోన్ చేసి, తెల్లారేసరికి వచ్చి తను పెడతానన్నాడు. "నాన్నే పెట్టాలి," అని డ్రైవరమ్మే మొండికేసింది. తండ్రికి తగ్గ మొండి.

నేను వంటగదిలోకి వెళ్లి కూరలో ఉప్పేద్దామని డబ్బా మూత తీశాను. అడుగంటింది. అరలోంచి కొత్త పెట్టె తీశాను.

నేను చేసేది లేబుళ్లు అచ్చేసే ప్రెస్సులో తప్పులు దిద్దే పని. మందు సీసాలు, సబ్బులు, తినేవి, తాగేవి, వాటి మీద చీమ తలకాయంత అక్షరాలన్నీ అచ్చుకు వెళ్లే ముందు నా కళ్ల కిందినుంచే పోతాయి. ఈ పనికొక పద్ధతుంది. చివరి మాట నుంచి మొదటి మాటకు చదవాలి. తిన్నగా చదివితే అర్థం తెలిసిపోయి, కన్ను తప్పును మింగేస్తుంది. తిరగేసి చదివితే అర్థం ఉండదు, అక్షరాలే ఉంటాయి. నేను ఎనిమిదేళ్లుగా అట్లాగే చదువుతున్నాను, నా చేతిలో ఒక్క తప్పు పోలేదని మా మేనేజరు అందరి ముందూ చెబుతాడు. ఇంటికొచ్చాక మాత్రం నాకు ఒక్క అక్షరమూ చదవబుద్ధి కాదు.

ఆ ఉప్పు పెట్టె కూడా మా ప్రెస్సులో అచ్చయిందే. బీపీ ఉన్నవాళ్లకు మంచిదట, సోడియం తక్కువట. మూలలు నలిగిన పెట్టెలు మా అందరికీ తలా నాలుగు పంచారు. మామయ్యకు మంచిదని ఆరువారాల కిందట ఇంట్లో ఉప్పంతా దానికే మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు కూడా. ఉప్పు మార్చినందుకు దండోరా ఎవరు వేయిస్తారు?

పెట్టె చింపబోతూ ఆగాను. పక్కన సన్నటి గీతల మధ్య నాలుగు వరుసలున్నాయి. వాటిని నేనే దిద్దాను. 'వాడరాదు' అన్న చోట దీర్ఘం పోతే పెట్టించింది నేనే. ఆ రోజు నేను చదివింది 'వాడరాదు ఉప్పు ఈ అడగకుండా డాక్టరును.' ఇవాళ మొదటిసారి మొదటినుంచి చదివాను.

'మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, శరీరంలో పొటాషియం పెంచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ ఉప్పు వాడరాదు.'

పై వరుసలో, సోడియం తగ్గించి దాని స్థానంలో పొటాషియం కలిపామని ఉంది.

 ఆ మాత్ర వేసుకునేవాళ్లకు ఉప్పు మీదికి నాలుక పోతుందట. డ్రైవరమ్మ రెండేళ్లుగా ప్రతి ముద్దకీ పైన ఉప్పు చల్లుకుంటుంది. "నీకు ఉప్పు సముద్రమే కావాలే పిల్లా," అని నేను వెక్కిరిస్తూ డబ్బా దగ్గరికి జరిపేదాన్ని. ఆరువారాలుగా నా చేత్తో నేనే జరిపాను.

పెరట్లోకి వెళ్లి ఆసుపత్రికి ఫోన్ చేశాను. నర్సమ్మ అంతా వింది. "డాక్టరుగారిని అడిగి చెప్తా," అని ఐదు నిమిషాల్లో తిరిగి చేసింది. "ముందు ఆ ఉప్పు ఆపేయండి. తప్పు మాత్రదేనని ఇప్పుడు చెప్పలేమట. రెండు వారాలు మామూలు ఉప్పు వాడి, మళ్లీ రక్తం చూసి, అన్నీ బాగుంటే అదే మాత్ర కొద్దికొద్దిగా మొదలుపెట్టొచ్చంటున్నారు. ఆపరేషనే కావాలంటే అదీ చేస్తారు. అది పేషెంటు ఇష్టం."

ఇష్టం! ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ వాడని మాట.

డ్రైవరమ్మను పెరట్లోకి పిలిచాను. పెట్టె చేతిలో పెట్టి, ఏడుస్తూనే చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నిన్ను చంపబోయాను పిల్లా," అన్నాను.

"నాన్న బీపీ కోసం తెచ్చావు వదినా. నామీద కక్షతోనా తెచ్చావు?" అంది. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నెమ్మదిగా, "ఎవరికైనా చెప్పావా?" అంది.

"లేదు."

"చెప్పకు."

"అదేంటి?"

"డాక్టర్లకు తెలిసింది కదా, చాలు. నాన్నకు మాత్రం వద్దు. ఆయన అన్నది విన్నావుగా? గత్యంతరం లేదు కాబట్టి పెడతానన్నాడు. గత్యంతరం ఉందని తెలిస్తే ఇంక పెడతాడా? మాత్ర వేసుకో పో అంటాడు."

"మరి మాత్రే వేసుకోవచ్చు కదే? కోత తప్పుతుంది."

నామీద నాకే అసహ్యం వేసింది ఆ మాటన్నందుకు. అత్తయ్య గొంతు నా నోట్లోంచి వచ్చినట్టుంది. తను మాత్రం కోప్పడలేదు. బట్టలుతికే రాయి మీద కూర్చుంది.

"నాకు భయం లేదనుకుంటున్నావా వదినా? కత్తంటే భయం. అమ్మ అన్నట్టు రేపు ఏమనిపిస్తుందోనని భయం. రాత్రుళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటాను, మాత్రకు ఇన్ని, ఆపరేషన్‌కు ఇన్ని అని. ఒకరోజు అటు, ఒకరోజు ఇటు." పెట్టె నలిగిన మూలను వేలితో సరిచేసింది. "కానీ మాత్ర ఆపిన ఈ పన్నెండు రోజులూ చూశాను. ఖాళీ చేసి పోయినవాడెవడో తిరిగొచ్చి, నాలో సామాన్లు సర్దుకుంటున్నట్టుంది. ఒక మందుల కొట్టులో సరుకు అయిపోతే చాలు, వాడు వచ్చేస్తాడు. బతికినన్నాళ్లూ తలుపు దగ్గర కాపలా కూర్చోలేను వదినా. ఆ మాత్ర నాకు పడినా సరే, నాకు ఇదే కావాలి."

"ఈ మాట మీ నాన్నకు చెప్పు."

"చెప్పలేను. మాత్ర పడలేదంటే జాలిపడతాడు. నాకు కావాలంటే... ఏమంటాడో వినే ధైర్యం నాకు లేదు."

లోపలినుంచి అత్తయ్య కేక. "భోజనాలు పెడతారా లేక పెరట్లోనే కాపురమా?"

కూరలో నేను ఉప్పే వెయ్యలేదు. వెయ్యడానికి చెయ్యి రాలేదు. నలుగురం కూర్చున్నాం. అత్తయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఉప్పు మరిచిపోయావా?"

"అవునత్తయ్యా."

"ఇన్నేళ్లలో ఎప్పుడూ మరవలేదే! పరధ్యానం ఎక్కువైంది నీకు. ఆ డబ్బా ఇలా ఇయ్యి."

"డబ్బాలో అయిపోయింది."

"పొద్దున అరలో కొత్త పెట్టె చూశానే?"

డ్రైవరమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. 

"నాకు బానే ఉంది," అన్నాడు మామయ్య. "చప్పిడి తినాలనేగా డాక్టరు మొత్తుకునేది. తినండి."

తిన్నాం. 

చేతులు కడుక్కుని మామయ్య సంచి విప్పాడు. రెండు సన్నటి కడ్డీలు తీసి బీరువా ముందు గొంతుక్కూచున్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, తాళాలవాణ్ణి కట్టుకున్నాను నేను," అని ముక్కు చీదింది. ఇంకో రోజైతే ఆ మాటకు మామయ్య నవ్వేవాడు.

తాళం ఊడింది. చీరల కిందినుంచి ఫారం తీసి, బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు పెట్టుకున్నాడు. తాళంచెవుల గాడులు చూసే భూతద్దం కూడా తెచ్చుకున్నాడు. ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

"మందు సరిపడనందున," అని పైకి చదివాడు. "ఇదిగో ఈ ఒక్క ముక్క చూసే పెడుతున్నాను. ఇది లేకపోతే తల తెగినా పెట్టేవాణ్ణి కాదు. అమ్మాయ్, పెన్నియ్యి."

అరలోంచి పెన్ను తీశాను. ఇవ్వబోయి డ్రైవరమ్మ వైపు చూశాను. తను నా వైపే చూస్తోంది. వద్దని కళ్లతోనే బతిమాలుతోంది. నేను పెన్ను ఇచ్చాను. అవును, ఇచ్చాను. నా తప్పు కప్పుకోవడానికో, తన కోసమో, ఇప్పటికీ నాకు తెలియదు.

మామయ్య మూత తీశాడు. గడి ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు.  

"ఆగు నాన్నా," అంది డ్రైవరమ్మ.

వంటగదిలోకి వెళ్లి ఉప్పు పెట్టె తెచ్చింది. తెచ్చి ఫారం మీద పెట్టింది.

"ముందు ఇది చదువు. పక్కన, చిన్న అక్షరాలు."

మామయ్య భూతద్దం పెట్టి చదివాడు. రెండోసారి చదివాడు. తను అంతా చెప్పింది, నర్సమ్మ మాటతో సహా. నేను మధ్యలో, "తెచ్చింది నేనే మామయ్యా, తప్పు నాదే," అన్నాను. ఎవరూ నా వైపు చూడలేదు.

అత్తయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే మాత్రది తప్పు కాదన్నమాట! నేను చెప్పలేదూ? ఉప్పు పారేద్దాం, మాత్ర మొదలుపెడదాం. పీడ విరగడైంది!" అని తాళంచెవి రొంటినుంచి తీసి బల్ల మీద పడేసింది.

"అంటే," అన్నాడు మామయ్య, "ఆపరేషన్ తప్పనిసరి కాదు."

"కాదు నాన్నా."

"మాత్రతో నడిచిపోతుంది."

"నడవొచ్చు."

"మరి ఇది ఇప్పుడెందుకు చూపించావు? ఇంకో నిమిషం ఊరుకుంటే సంతకం అయిపోయేది కదా?"

డ్రైవరమ్మ పెట్టెను వేలితో తట్టింది. "అయిపోయేది. కానీ అది పొటాషియానికి పెట్టినట్టు, నాకు కాదు. నాకు మాత్ర పడినా ఇదే కావాలి నాన్నా. గత్యంతరం లేక కాదు. కావాలి. ఇప్పుడు చెప్పు, పెడతావా, పెట్టవా?"

"పెట్టడు!" అంది అత్తయ్య.

మామయ్య పెన్ను మూత పెట్టేశాడు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఒక చేత్తో ఫారం, ఒక చేత్తో ఉప్పు పెట్టె పట్టుకుని, తన గదిలోకి వెళ్లిపోయాడు. పెన్ను కూడా తీసుకెళ్లాడో లేదో నేను చూసుకోలేదు. బల్ల కింద వంగి వెతికాను. కనబడలేదు. అంతమాత్రానికే ఏదో ఆశ పుట్టుకొచ్చింది, సిగ్గు లేకుండా.

ముగ్గురం అట్లాగే ఉండిపోయాం.  డ్రైవరమ్మ కుర్చీ వెనక భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మళ్లీ పడిపోతుందేమోనని నేను దగ్గరికి జరిగాను.

"అమ్మాయ్!" అని గదిలోంచి పిలుపు వచ్చింది.

ఉప్పు గురించి తిట్టడానికే అనుకున్నాను. తిట్టనీ, తినాల్సిందే కదా అనుకుంటూ గుమ్మం దాకా వెళ్లాను. మామయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నువ్వు కాదమ్మా."

వెనక్కి తిరిగి చూశాను. డ్రైవరమ్మ కుర్చీ వదిలేసింది. ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వెళ్తున్నట్టు, చెంగుతో ముఖం తుడుచుకుని, నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది.

"ఏమండీ, నేనూ వస్తాను," అంటూ అత్తయ్య లేచేలోపే తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో ఆ గదికి మామయ్య గడియ పెట్టడం అదే మొదటిసారి.